బర్మింగ్‌హామ్ తొట్టి, బందరు మెరుగు

బందరు పక్కన చిలకలపూడిలో, గిల్టు నగలు చేసే ఒక ఇంట్లో చూశాను. ముందు గదిలో నలుగురు ఆడవాళ్లు కూర్చుని దుద్దులకి రాళ్లు పొదుగుతున్నారు. వెనక వసారాలో మూడు ప్లాస్టిక్ తొట్లు, గోడ వారగా ఒక పాత రెక్టిఫయర్, అంటే ఏసీ కరెంటుని డీసీగా మార్చే పెట్టె, ఉన్నాయి. పనాయన ఇత్తడి గాజుల్ని రాగి తీగకి గుచ్చి ముందు నికెల్ తొట్టిలో వేలాడదీశాడు. కాసేపటికి తీసి నీళ్లలో జాడించి, చివర్లో ఉన్న చిన్న గిన్నెలో ముంచాడు. పది లెక్కపెట్టేలోపు తెల్లటి గాజులు బంగారు రంగుకి తిరిగాయి. ఆయన మీటరు వంక చూడనే లేదు. రంగు చూశాడు, తీసేశాడు. ఒక్క సెకను ఎక్కువైతే బంగారం దండగ, తక్కువైతే సరుకు వెనక్కి వస్తుంది. ఈ కొలత ఆయనకి వాళ్ల నాన్న దగ్గర వచ్చింది. ఎక్కడా రాసి లేదు.

ఆ చిన్న గిన్నెలో ఉన్నది సైనైడ్‌లో కరిగించిన బంగారం. సైనైడ్ వాడితేనే పూత గట్టిగా అంటుతుందన్న ఈ కిటుకుకి 1840లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పేటెంటు తీసుకున్నారు. తీసుకున్నది ఎల్కింగ్టన్ అనే కుటుంబం. కనిపెట్టింది మాత్రం వాళ్లు కారు. లోహాలకి పూత వేసే వ్యాపారాల్లో ఎల్కింగ్టన్ల చరిత్ర అంత ఆసక్తి కలిగించేది నాకు ఇంకోటి కనిపించలేదు. కుటుంబ వ్యాపారం అనగానే మనకి గుర్తొచ్చే తరతరాల రహస్యం, తండ్రి చేతి విద్య లాంటి మాటలు వాళ్ల కథలో అంతగా అతకవు. వాళ్లు పెరిగింది బయటివాళ్ల తెలివితో. ఆ సంగతి మన బాలానగర్, జీడిమెట్ల, చిలకలపూడి కుటుంబాలకి చెప్పాలనే ఈ వ్యాసం.

పూత పని మనకి కొత్త కాదు. తిరుమల ఆనంద నిలయానికి ఉన్నది బంగారు తాపడం, అంటే రేకు తొడగడం. ఇత్తడి గిన్నెలకి పెట్టించేది కళాయి, అంటే కరిగిన తగరాన్ని నవాసాగరం సాయంతో రాయడం. ఇవి కాక మూడోది ఒకటుండేది, పాదరసం పూత. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, ఆ ముద్దని రాగి వస్తువుకి పులిమి నిప్పుల మీద కాల్చేవాళ్లు. పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లకి చేతులు వణికేవి, పళ్లు ఊడేవి, మతి చలించేది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ కేథడ్రల్ గుమ్మటానికి ఇలాగే పూత వేయించారు. ఆ పనిలో అరవై మంది చనిపోయారని చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో బర్మింగ్‌హామ్ గుండీల కార్ఖానాల్లో కూడా ఇదే పద్ధతి.

జార్జ్ రిచర్డ్స్ ఎల్కింగ్టన్ 1801లో ఆ ఊళ్లోనే పుట్టాడు. తండ్రి కళ్లజోళ్లు, బంగారు పూత వేసిన చిన్న చిన్న సామాన్లు చేయించేవాడు. జార్జ్ 1815లో మేనమామల వెండి పూత దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరాడు, వాళ్లు పోయాక దానికి యజమాని అయ్యాడు. దాయాది హెన్రీని భాగస్వామిగా కలుపుకున్నాడు. అంతవరకూ ఇది ఎక్కడైనా కనిపించే కథే. 1836 నుంచి ఇద్దరూ పాదరసం లేకుండా, వేడి ద్రావణంలో ముంచి బంగారం పట్టించే పద్ధతులకి పేటెంట్లు తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. కింది లోహం పూర్తిగా కప్పుకోగానే పని ఆగిపోతుంది, దాంతో పూత ఎప్పుడూ ఉల్లిపొర కంటే పలచనే. మందంగా వేయాలంటే కరెంటు కావాలి. కరెంటుతో పూత వేయవచ్చని 1805లోనే ఇటలీలో బ్రున్యతెల్లి చూపించాడు, ఎవరూ పట్టించుకోలేదు. ద్రావణమే కుదరలేదు. మామూలు వెండి లవణంలో రాగిని ముంచితే వెండి గబగబా దూకి బొగ్గు పొడిలా కూర్చుంటుంది, వేలితో తుడిస్తే రాలిపోతుంది.

ఇక్కడికి జాన్ రైట్ వస్తాడు. బర్మింగ్‌హామ్‌లోనే వైద్యం చేసుకునే సర్జన్. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే రాసిన వ్యాసాల్లో, పొటాషియం సైనైడ్ ద్రావణంలో బంగారం, వెండి సైనైడ్లు కరుగుతాయన్న మాట ఆయన కంటపడింది. సైనైడ్ వెండిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఒక్కసారిగా వదలదు. కరెంటు లాగుతున్న కొద్దీ అణువు తర్వాత అణువుగా ఇస్తుంది. అందుకే పూత నున్నగా, గట్టిగా, ఎంత మందం కావాలంటే అంత వస్తుంది. రైట్ తన ప్రయోగం తీసుకుని ఎల్కింగ్టన్ల దగ్గరికి వెళ్లాడు. వాళ్లు దాన్ని తీసుకుని, 1840 మార్చిలో తమ పేటెంటులో కలిపారు. పేటెంటు మీద ఉన్నవి జార్జ్, హెన్రీ పేర్లే. రైట్ 1844లో చనిపోయాడు. ప్రపంచంలో వెండి పూత వేసే దాదాపు ప్రతి తొట్టిలోనూ తర్వాత వందేళ్లకి పైగా ఆయన చెప్పిన ద్రావణమే ఉంది, ఆయన పేరు మాత్రం చాలామందికి తెలియదు. ఈ విషయంలో ఎల్కింగ్టన్లని నేను వెనకేసుకు రాను. కానీ ఆ ఊళ్లో పూత పని చేసే కుటుంబాలు ఇంకా ఉండగా, మన పనితో సంబంధం లేని ఒక డాక్టరు తలుపు తడితే కూర్చోబెట్టి విన్నది వీళ్లు. ఆ వినడంలోనే వాళ్ల బలం ఉందని నాకనిపిస్తుంది.

ఆ పేటెంటు తీసుకున్న మూడేళ్లకి ఇంకొకడు వచ్చాడు. అతని కథ ఇంకా చిత్రం. ప్రష్యా సైన్యంలో వెర్నర్ సీమెన్స్ అనే అధికారి ఒక ద్వంద్వ యుద్ధంలో స్నేహితుడి పక్షాన నిలబడినందుకు మాగ్డెబర్గ్ కోటలో ఖైదులో పడ్డాడు. ఆ గదిలోనే రసాయనాలు తెప్పించుకుని ప్రయోగాలు చేశాడు. ఒక బంగారు నాణెం, ఒక జర్మన్ సిల్వర్ టీ చెంచా, ఒక బ్యాటరీ. కొన్ని నిమిషాల్లో చెంచా బంగారు రంగుకి తిరిగింది. 1842లో ప్రష్యా పేటెంటు వచ్చింది. దాన్ని ఇంగ్లండులో అమ్ముకు రమ్మని తమ్ముడు విల్హెల్మ్‌ని పంపాడు. 1843లో, ఇరవై ఏళ్లు నిండీ నిండని ఆ కుర్రాడు లండన్‌లో దిగాడు. ఇంగ్లీషు అంతంతమాత్రం. కొత్త ఆవిష్కరణల్ని తీసుకుని పని చేయించే ఆఫీసు కోసం వెతుకుతుంటే ఒక బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'అండర్‌టేకర్' అని కనిపించింది. పని చేపట్టేవాడు అని అర్థం చేసుకుని లోపలికి వెళ్లాడు. తీరా చూస్తే అది శవపేటికల దుకాణం. ఈ సంగతి విలియం సీమెన్స్‌గా పేరు మార్చుకున్నాక 1881లో బర్మింగ్‌హామ్‌లోనే ఒక ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నాడు.

ఆ కుర్రాడు చివరికి ఎల్కింగ్టన్ ముందు కూర్చున్నాడు. ఎల్కింగ్టన్ మొదట, ఈ పద్ధతులన్నీ మా పేటెంట్లలో ఉన్నవే అన్నాడు. కుర్రాడు వెనక్కి తగ్గలేదు, తన ద్రావణం వేరని నిలబడ్డాడు. చేసి చూపించాక దాదాపు 1,500 పౌండ్లకి బేరం కుదిరింది. అప్పటికి అది పెద్ద సొమ్ము. వెర్నర్ 1847లో బెర్లిన్‌లో మొదలుపెట్టిన కంపెనీయే ఈనాటి సీమెన్స్. ఇద్దరు అన్నదమ్ములకి ఆవిష్కరణని అమ్ముకుని బతకవచ్చన్న మొదటి ధైర్యం ఒక పూత దుకాణం ఇచ్చిన డబ్బుతో వచ్చిందంటే, అది చిన్న విషయం కాదు.

ఇలా వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. ఊల్‌రిచ్ అనే స్థానిక రసాయన నిపుణుడు, బ్యాటరీల బదులు అయస్కాంతాల మధ్య తీగచుట్టలు తిప్పి కరెంటు పుట్టించే యంత్రం రూపొందించాడు. 1844లో తయారైన ఆ యంత్రాన్ని ఎల్కింగ్టన్లు పూత పనికి వాడారు. పరిశ్రమలో వాడిన మొట్టమొదటి విద్యుత్ జనరేటర్‌గా దాన్ని చెబుతారు. ఇళ్లలో లైట్లు వెలగడానికి ఇంకా నాలుగు దశాబ్దాలు పట్టింది. అలెగ్జాండర్ పార్క్స్ వీళ్ల పోత విభాగం చూసేవాడు. పూలకీ, ఆకులకీ కూడా లోహపు పూత వేసేవాడు, ప్రిన్స్ ఆల్బర్ట్ కోసం సాలెగూడుకి వెండి పూత వేశాడని పేరు. ప్లాస్టిక్‌కి తాత అనదగ్గ పార్కెసీన్‌ని తర్వాత కనిపెట్టింది ఆయనే.

జోసయా మేసన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. కిడ్డర్‌మిన్‌స్టర్‌లో పేద ఇంట పుట్టి, చిన్నప్పుడు వీధుల్లో కేకులు అమ్మినవాడు. స్టీలు కలం పాళీలు చేసి సంపాదించాడు. 1842లో ఎల్కింగ్టన్లతో చేరి పెట్టుబడి పెట్టాడు. పేటెంట్లు కొనడానికి, న్యూహాల్ స్ట్రీట్‌లో అంత పెద్ద కార్ఖానా నడపడానికి డబ్బు ఆయన దగ్గర్నుంచి వచ్చింది. కంపెనీ పేరులోనూ ఆయన పేరు చేరింది, దాదాపు ఇరవై ఏళ్లు ఉంది. మన దగ్గర బయటి భాగస్వామి అనగానే టెన్షన్ పడతాం, వ్యాపారం చేయి దాటిపోతుందని. మేసన్ ఎంతో కొంత చేయి దాటించుకునే ఉంటాడు. అయినా ఆ ఇరవై ఏళ్లలోనే కంపెనీ ఒక ఊరి దుకాణం స్థాయి నుంచి ప్రపంచ స్థాయికి వెళ్లింది. ఆ డబ్బుతో మేసన్ పెట్టిన సైన్స్ కాలేజీయే 1900లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంగా మారింది.

వీళ్లు దానకర్ణులని నేను అనడం లేదు. కొన్న ప్రతి పేటెంటునీ గోడలో ఇటుకగా పెట్టారు. ఈ పద్ధతిలో పూత వేయాలంటే ఎవరైనా వీళ్లకి రుసుము కట్టాల్సిందే. 1842లో పారిస్‌లో క్రిస్టోఫ్ల్ కూడా అలాగే హక్కులు కొనుక్కున్నాడు. ఆ బ్రాండు ఈనాటికీ ఉంది. షెఫీల్డ్‌లో రాగి మీద వెండి రేకు కాల్చి అతికించే వందేళ్ల నాటి వృత్తి రెండు మూడు దశాబ్దాల్లో చచ్చిపోయింది, ఆ పనివాళ్ల కుటుంబాలు ఏమయ్యాయో ఎవరూ రాసిపెట్టలేదు.

జర్మన్ సిల్వర్ అన్నాను కదా, అది మనింట్లోనూ ఉంది. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే కుంకుమ భరిణెలు, పూజ పళ్లేలు అవే. అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమం అది. ఎల్కింగ్టన్లు దాని మీద వెండి పూత వేసి చెంచాలు, టీ పాత్రలు, పళ్లేలు చేశారు. పైన ఎక్కడైనా పూత అరిగినా కింద తెల్లగానే ఉంటుంది, రాగిలా ఎర్రగా బయటపడదు. దొరల బల్లల మీద మాత్రమే ఉండే వస్తువు గుమస్తా ఇంటికి చేరింది. 1850ల్లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియంతో ఒప్పందం చేసుకుని, పాత కళాఖండాల అచ్చు తీసి అదే కరెంటు తొట్టిలో గీత పోకుండా నకళ్లు చేశారు. వింబుల్డన్‌లో ఆడవాళ్ల సింగిల్స్ విజేత ఎత్తి చూపించే వీనస్ రోజ్‌వాటర్ డిష్ కూడా 1864లో ఎల్కింగ్టన్ వాళ్లు చేసిందే, ఒక పాత పళ్లేనికి నకలు.

వాళ్ల పనిలో నాకు అన్నిటికంటే నచ్చిన అలవాటు ఒకటుంది. 1840ల నుంచే వస్తువు అడుగున ఏ ఏడు చేసిందో తెలిపే గుర్తు కొట్టేవాళ్లు. ఇక పూతకి ఎంత వెండి పట్టిందో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. ఫారడే సూత్రం ప్రకారం ఒక ఆంపియర్ కరెంటు ఒక గంట పారితే సుమారు 4 గ్రాముల వెండి దిగుతుంది. కరెంటు, గడియారం చూస్తే చాలు, తూకం తెలిసిపోతుంది. మరి మన బజార్లో 'వన్ గ్రామ్ గోల్డ్' అని అమ్మే హారం మీద బంగారం మందం ఎంతో అడగండి. అమ్మేవాళ్లకీ తెలియదు. అడిగేవాళ్లూ లేరు. ఆరు నెలలకి నల్లబడితే కొన్నవాళ్లు మొత్తం గిల్టునే తిడతారు, నిజాయితీగా మందం పూత వేసిన చిలకలపూడి కుటుంబం కూడా ఆ తిట్లలో వాటా పంచుకుంటుంది. గుర్తు లేని సరుకుకి పేరు నిలవదు.

ఇప్పుడు అసలు విషయం. 1865లో జార్జ్ పోయాడు. అదే ఏడు కొడుకు జేమ్స్ ఒక పేటెంటు తీసుకున్నాడు. తండ్రి తొట్టినే అటూ ఇటూ తిప్పి చూశాడు. పూత వేసేటప్పుడు తొట్టిలో ఒక పక్క శుద్ధమైన వెండి పలక వేలాడుతుంది, అది కరిగి రెండో పక్కనున్న చెంచా మీద చేరుతుంది. చెంచా బదులు పలచటి శుద్ధ రాగి రేకు పెట్టి, వెండి పలక బదులు కొలిమిలోంచి వచ్చిన మురికి రాగి దిమ్మ వేలాడదీస్తే? కరెంటు పారుతున్న కొద్దీ దిమ్మ కరుగుతుంది, రేకు మీదికి రాగి మాత్రమే వెళ్తుంది. ఇనుము, నికెల్ లాంటివి ద్రావణంలో ఉండిపోతాయి. వెండి, బంగారం కరగక తొట్టి అడుగున బురదలా దిగుతాయి. ఆ బురద అమ్మినా డబ్బే.

వేల్స్‌లోని పెంబ్రీలో వాళ్లకి అప్పటికే రాగి కరిగించే కార్ఖానా ఉంది. 1869లో అక్కడ ఈ పద్ధతిలో రాగి శుద్ధి మొదలైంది. కరెంటుతో రాగిని శుద్ధి చేసే పరిశ్రమకి ప్రపంచంలో అదే మొదలు. సమయం కూడా కలిసొచ్చింది. టెలిగ్రాఫ్ తీగలు, సముద్రం కింద కేబుళ్లు వేస్తున్న రోజులవి, రాగిలో పిసరంత మురికి ఉన్నా కరెంటు సాఫీగా పారదు. ఈరోజు మన ఇంటి గోడల్లోని తీగల్లో ఉన్న రాగి అలాంటి తొట్టి దాటి వచ్చిందే. నూటయాభై ఏళ్లు దాటినా పద్ధతిలో సారం మారలేదు. ఒక వెండి చెంచాల కుటుంబం రెండో తరంలో లోకానికి ఇచ్చిన వస్తువు ఇది. మొదటి తరం బయటివాళ్ల మాట వినకపోతే రెండో తరం చేతిలో తిప్పి చూడటానికి ఆ తొట్టే ఉండేది కాదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. 1887లో లిమిటెడ్ కంపెనీ అయింది. హోటళ్లకి, ఓడలకి సామాన్లు వెళ్లాయి. 1913లో షెఫీల్డ్‌లో బ్రియర్లీ తుప్పు పట్టని స్టీలు చేశాడు. యుద్ధాల తర్వాత వెండి సామాన్లు తోమే పనివాళ్లు ఇళ్లలో లేకపోయారు. 1960ల్లో కంపెనీ ఇంకో సమూహంలో కలిసిపోయింది. పాత కార్ఖానాలో 1951లో సైన్స్ మ్యూజియం పెట్టారు, 1997లో అదీ మూతబడింది. చివరి తరాల్లో ఇంకో రైట్, ఇంకో సీమెన్స్ వాళ్ల తలుపు తట్టిన జాడ నాకు కనిపించలేదు. స్టీలు వచ్చినప్పుడు దాన్ని తిప్పి చూసినవాళ్లు వాళ్లింట్లో లేరు.

ఇందులో ఇంకో లెక్క ఉంది. పాదరసం పోయింది, మంచిదే. దాని బదులు వచ్చింది సైనైడ్. దానిలో ఆమ్లం కలిస్తే ప్రాణం తీసే వాయువు పుడుతుంది. ఆ తర్వాత వచ్చిన క్రోమియం పూతలో వాడే ఆరో స్థితి (హెక్సావలెంట్) క్రోమియం క్యాన్సర్ కారకం, పనివాళ్ల ముక్కు మధ్య గోడకి చిల్లులు పెడుతుంది. మన చట్టంలో పూత పరిశ్రమ ఎర్ర కేటగిరీ, అంటే కాలుష్యం బాగా ఎక్కువున్న వర్గం. బయటికి వదిలే నీళ్లలో ఆరో స్థితి క్రోమియం లీటరుకి 0.1 మిల్లీగ్రాము, సైనైడ్ 0.2 మిల్లీగ్రాము దాటకూడదు. చదవడానికి బాగానే ఉంది. రెండు గదుల ఇంట్లో మూడు తొట్లు పెట్టుకున్న కుటుంబం ఆ కొలత ఎలా అందుకుంటుంది? ఒంటరిగా అందుకోలేదు. జరిమానా వేస్తే తొట్టి ఇంకో సందులోకి మారుతుంది, కాలువ మాత్రం అదే.

అందుకే పూత పనికి ఉమ్మడి షెడ్డు, ఉమ్మడి శుద్ధి కేంద్రం తప్ప దారి లేదని నా గట్టి అభిప్రాయం. బందరు దగ్గర పోతేపల్లిలో నగల పార్కు అంటూ స్థలం ఇచ్చి చాలా ఏళ్లయింది. స్థలం ఒక్కటే చాలదు. కడిగిన నీళ్లలోంచి బంగారం, నికెల్ వెనక్కి తీసే ఏర్పాటు, ద్రావణం పరీక్షించే చిన్న ల్యాబు, పూత మందం కొలిచే ఎక్స్‌రే యంత్రం ఒకటి, అందరికీ కలిపి ఉండాలి. ఒక్కో ఇల్లు కొనలేనిది వంద ఇళ్లు కలిసి కొనగలవు. బాలానగర్‌లో 1968 నుంచి టూల్ డిజైన్ సంస్థ ఉంది, దాని చుట్టూ ఎన్నో చిన్న ఇంజనీరింగ్ యూనిట్లు నిలదొక్కుకున్నాయి. అచ్చులకి అలాంటిది ఉన్నప్పుడు పూతకి ఎందుకు ఉండకూడదు?

దీనికి ముందు ఇళ్లవాళ్లు ఒప్పుకోవాలి. కష్టం అక్కడే. ద్రావణంలో ఏం కలుపుతారో అన్న తమ్ముడికి చెప్పడు, తమ్ముడు పక్కింటికి చెప్పడు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కిటుకు ఒక్కటే ఆస్తిగా ఉన్న ఇంటికి అది బయటికి పోవడం పొలం పోవడంతో సమానం. కానీ ఆ ఆస్తి ఇప్పుడు ఎవరికీ చెందకుండా పోతోంది. పిల్లలు బీటెక్ చదివి హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, తొట్టి దగ్గర నాన్న ఒక్కడే మిగులుతున్నాడు.

నేను చూసిన ఆ ఇంట్లో కూడా అంతే. కొడుకు కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ, ఏదో మందుల కంపెనీలో ల్యాబులో చేస్తున్నాడు. పండక్కి వచ్చి ఉన్నాడు. మీ నాన్నగారి గిన్నెలో ఏముందో నీకు తెలుసా అని అడిగాను. కెమిస్ట్రీ తెలుసు, ఆయన కొలత తెలియదు అన్నాడు. తండ్రి చేతులు తుడుచుకుంటూ విన్నాడు, ఏమీ అనలేదు. నేను బయల్దేరేటప్పటికి కొడుకు రెక్టిఫయర్ దగ్గర నిలబడి, గాజులు ముంచినప్పుడల్లా ముల్లు ఎక్కడ ఆగుతుందో, ఎన్ని సెకన్లు ఉంచుతున్నాడో ఫోన్లో రాసుకుంటున్నాడు. తండ్రి ఈసారి గాజుల్ని కాస్త నెమ్మదిగా ముంచాడు.